కౌన్సెలింగా, హిప్నోథెరపీనా: ఏ ఇబ్బందికి ఏది, గదిలో ఏం జరుగుతుంది, ఎవరిని నమ్మాలి

"తాగి బండి నడిపిన వారికి పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చారు" అని పేపర్లో చదువుతాం. ఇంజినీరింగ్ సీట్లకు కౌన్సెలింగ్ తేదీలు వస్తాయి. మొగుడూపెళ్లాల గొడవ స్టేషన్‌కు వెళ్తే అక్కడా కౌన్సెలింగే. ఒకచోట మందలింపు, ఒకచోట సీటు ఎంపిక, ఇంకోచోట రాజీ. అందుకే "ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్లిరా" అనగానే ఎవరో ఎదురుగా కూర్చోబెట్టి బుద్ధి చెబుతారన్న ఊహ వస్తుంది. హిప్నాటిజం అనే మాట ఇంకా నలిగిపోయింది. గడియారం ఊపడం, వశం చేసుకోవడం, స్టేజీ మీద కుర్రాళ్ల చేత కోడిలా కూయించడం గుర్తొస్తాయి.

ఈ ఊహలు పక్కన పెట్టాకే ఎంపిక మొదలవుతుంది. కౌన్సెలింగ్, ఇంకాస్త లోతైన సైకోథెరపీ అనేవి చికిత్సలు. ఇబ్బందిని అర్థం చేసుకోవడం, పథకం వేయడం, దాన్ని అమలు చేయించడం వాటిలోనే ఉంటాయి. హిప్నాసిస్ అలా కాదు. అది దృష్టిని ఒకచోట నిలిపి, సూచనలు మనసుకు పట్టేలా చేసే ఒక పనిముట్టు. దాన్ని వాడి చేసే చికిత్సే హిప్నోథెరపీ. దంతవైద్యుడి చేతిలో మత్తు ఇంజెక్షన్ ఎలాంటిదో, చికిత్స తెలిసినవారి చేతిలో హిప్నాసిస్ అలాంటిది. మత్తు ఇవ్వడం మాత్రమే వచ్చినవాళ్ల దగ్గర పన్ను పీకించుకోం కదా. ఈ రంగంలో శిక్షణ పొందినవారు పాటించే నియమం కూడా ఇదే: హిప్నాసిస్ లేకుండా మీ సమస్యను చూడగలిగినవారే హిప్నాసిస్‌తోనూ చూడాలి. కింద చెప్పేదంతా ఈ నియమం మీదే నిలబడుతుంది.

కౌన్సెలింగ్ గదిలో

ఒక సెషన్ మామూలుగా 45 నిమిషాల నుంచి గంట. మొదటిసారి మాత్రం ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు. ఆ రోజు చికిత్స పెద్దగా జరగదు, వివరాలు తీసుకోవడమే ఉంటుంది. ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది, నిద్ర ఎలా ఉంది, ఆకలి, బరువు, మద్యం, పొగ, వాడుతున్న మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా, ఇవన్నీ అడుగుతారు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడుగుతారు. దానికి ఉలిక్కిపడనక్కర్లేదు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అడగకుండా వదిలేయడమే లోపం.

కొన్ని చోట్ల పీహెచ్‌క్యూ-9 అనే కాగితం ఇస్తారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 0 నుంచి 27. పది, ఆపైన వస్తే డిప్రెషన్ ఉందేమో లోతుగా చూడాలని అర్థం. ఆందోళనకు జీఏడీ-7 ఉంది, దాని మొత్తం 0 నుంచి 21. ఈ అంకెలు జబ్బును నిర్ధారించవు, జ్వరానికి థర్మామీటరులా ఎంత ఉందో చూపిస్తాయంతే. మొదటి రోజు స్కోరు రాసిపెట్టుకోండి, నెల తర్వాత దాంతో అవసరం పడుతుంది.

మనవాళ్లలో చాలామంది "నాకు దిగులుగా ఉంది" అంటూ మొదలుపెట్టరు. గుండె దడ అంటారు, తల బరువంటారు, నరాల బలహీనత అంటారు, కడుపులో గాభరా, ఒళ్లంతా మంటలు అంటారు. ఆ మాటలు చాలు. పని తెలిసిన కౌన్సెలర్ వాటినే పట్టుకుని ముందుకు వెళ్తారు. ఇంగ్లిష్ పేర్లు వెతుక్కుని వెళ్లనక్కర్లేదు, ఇంటర్నెట్‌లో చూసి జబ్బుకు పేరు పెట్టుకుని వెళ్లనక్కర్లేదు.

రెండో సెషన్ నుంచి అసలు పని. పానిక్ అటాక్‌లనే తీసుకోండి. బస్సులో దడ వస్తుంది. గుండెపోటేమో అనిపిస్తుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. ఎక్కువ ఊపిరి తీయడం వల్ల కళ్లు తిరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాంతో భయం రెట్టింపవుతుంది. దిగిపోతే హాయిగా ఉంటుంది. ఆ హాయే మర్నాడు బస్సు ఎక్కనివ్వదు. ఆలోచనల్నీ, అలవాటైన పనుల్నీ మార్చి ఇబ్బందిని తగ్గించే సీబీటీ అనే పద్ధతి తెలిసినవారు ఈ చక్రాన్ని మీ ముందే కాగితం మీద గీస్తారు. తర్వాత దాన్ని తెంపే పనులిస్తారు. గదిలోనే నిలబడిన చోట ఒక నిమిషం పరుగెత్తిస్తారు, తిరిగే కుర్చీలో తిప్పుతారు. దడ, కళ్లు తిరగడం వాటంతట అవే వచ్చి వాటంతట అవే పోవడం శరీరానికి అనుభవమవ్వాలి. మాటలతో ఎన్నిసార్లు చెప్పినా అది దిగదు. గుండెజబ్బు, ఆస్తమా, గర్భం ఉంటే ఈ వ్యాయామాలు చేయించే ముందు చెప్పాలి.

భయాలకైతే మెట్ల పట్టీ రాయిస్తారు. లిఫ్ట్ భయముంటే మొదటి మెట్టు లిఫ్ట్ పక్కన అయిదు నిమిషాలు నిలబడటం, తర్వాత తలుపు తెరిచి లోపల నిలబడటం, తర్వాత తోడుతో ఒక అంతస్తు, తర్వాత ఒంటరిగా, ఆ తర్వాత జనంతో నిండినప్పుడు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు బయటికి వచ్చేయడం. అలా వస్తే "తప్పించుకున్నా కాబట్టి బతికా" అని మనసు నేర్చుకుంటుంది. ఇంకో తప్పు, చేతిలో నీళ్ల సీసా, జేబులో మాత్ర, ఫోన్లో అమ్మ, ఇన్ని ఆసరాలతో మెట్లన్నీ ఎక్కేసి అయిపోయిందనుకోవడం. చివరి మెట్లలో ఆ ఆసరాలు కూడా వదిలించాలి.

డిప్రెషన్‌లో పని వేరుగా ఉంటుంది. "మనసు బాగుపడ్డాక వాకింగ్ మొదలుపెడతా" అనే వరసను తిరగేయిస్తారు. ముందు చిన్న పని, టైముతో సహా: ఉదయం ఏడింటికి పది నిమిషాల నడక, పదకొండింటికి స్నానం, సాయంత్రం ఒకరికి ఫోన్. చేశాక మనసు ఎలా ఉందో పదికి మార్కులు వేసి రాయాలి. సీబీటీ చాలా ఇబ్బందులకు 8 నుంచి 20 సెషన్లలో పూర్తవుతుంది. చిన్నతనం నుంచీ వచ్చిన గాయాలు, సంబంధాల్లో మళ్లీ మళ్లీ వచ్చే చిక్కులు అయితే నెలలు పట్టొచ్చు.

కౌన్సెలింగ్ ఎక్కడ చెడుతుందంటే, సలహాల దగ్గర. "సర్దుకుపోండి", "పాజిటివ్‌గా ఆలోచించండి", "మా రోజుల్లో అయితే" లాంటి మాటలు నాలుగు సెషన్లు విన్నారంటే అక్కడ చికిత్స జరగడం లేదు. ఇంకో రకం చోట చెప్పుకుని ఏడ్చి తేలికపడి వస్తారు, వారం తర్వాత మళ్లీ అదే. చెప్పుకోవడం విలువైనదే, కానీ పథకం, ఇంటిపని లేకపోతే అది అక్కడే తిరుగుతుంది. మూడో వారం దగ్గర కొందరికి ముందుకంటే బాధ ఎక్కువైనట్టు ఉంటుంది. ఇన్నాళ్లూ తప్పించుకున్న విషయాలు బయటికి రావడం వల్ల అది మామూలే. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. మానేసే ముందు ఆ మాట కౌన్సెలర్‌కే చెప్పండి, వేగం తగ్గిస్తారు.

గోప్యత గురించి మొదటి రోజే అడగాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఈ హక్కు ఇస్తుంది. మీ ఆయనో, నాన్నో ఫోన్ చేసి "ఏం చెప్పింది?" అంటే చెప్పకూడదు. అయితే మినహాయింపులున్నాయి. ప్రాణాపాయం ఉన్నప్పుడు, మరొకరికి హాని జరగబోతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు చెప్పొచ్చు. పద్దెనిమిదేళ్ల లోపువారిపై లైంగిక దాడి గురించి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. టీనేజీ పిల్లల్ని తీసుకెళ్లేవారు ఈ సంగతి తెలుసుకునే వెళ్లాలి.

హిప్నోథెరపీ గదిలో

పద్ధతిగా చేసేచోట మొదటి అరగంట, ముప్పావుగంట మాటలే. కౌన్సెలింగ్‌లో అడిగినవన్నీ ఇక్కడా అడగాలి. రాగానే కుర్చీ వెనక్కి వంచి కళ్లు మూసుకోమన్నారంటే ముఖ్యమైన భాగం దాటేశారన్నమాట. మూర్ఛ వస్తుందా, ఎప్పుడైనా లేని గొంతులు వినబడ్డాయా, బైపోలార్ (హద్దులేని హుషారు, లోతైన దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉందా అని అడగకుండా మొదలుపెట్టకూడదు.

తర్వాత వచ్చేది ఏకాగ్రతలోకి దింపడం. ఒక బిందువు చూడమంటారు, లేదా ఊపిరి మీద దృష్టి పెట్టమంటారు. నుదురు, దవడ, భుజాలు, చేతులు వరసగా వదులు చేయిస్తారు. ఇరవై నుంచి ఒకటికి లెక్కపెడతారు. అయిదు నుంచి పది నిమిషాలు. దాన్ని లోతు చేయడానికి మెట్లు దిగుతున్నట్టో, చెరువుగట్టు మీద నడుస్తున్నట్టో ఊహించమంటారు. అప్పుడు సూచనలు మొదలవుతాయి. అవి మీ లక్ష్యానికి సరిపోయేలా ముందే మీతో మాట్లాడి రాసుకున్నవై ఉండాలి. పది, పదిహేను నిమిషాలు. చివర ఒకటి నుంచి అయిదు లెక్కపెట్టి మామూలు స్థితికి తెస్తారు. ఏమనిపించిందో మాట్లాడతారు. లేచిన వెంటనే బండి తీయకండి, పది పదిహేను నిమిషాలు కూర్చుని నీళ్లు తాగి వెళ్లండి.

లోపల ఎలా ఉంటుందని చాలామందికి భయం. నిద్ర కాదు, స్పృహ తప్పడం కాదు. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది, బయట హారన్ వినిపిస్తుంది. ముక్కు దురద పెడితే గోక్కోవచ్చు. ఇష్టంలేని ప్రశ్నకు జవాబివ్వకుండా ఉండొచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. పుస్తకంలో మునిగి ఇంట్లోవాళ్ల పిలుపు దూరంగా వినిపించే స్థితికి ఇది దగ్గర. కొందరికి చేతులు బరువెక్కుతాయి, కొందరికి తేలినట్టుంటుంది, కొందరికి ఏమీ ఉండదు. రహస్యాలు బయటికి కక్కించే శక్తి దీనికి లేదు.

అందరికీ సమానంగా పట్టదు కూడా. హిప్నాసిస్ ఎవరికి ఎంత పడుతుందో కొలవడానికి 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 12 అంశాల కొలమానం తయారైంది. దాని 1962 నాటి రూపం ఇప్పటికీ ఈ రంగంలో ప్రమాణం. దాదాపు పది పదిహేను శాతం మంది చాలా తేలిగ్గా స్పందిస్తారు, ఇంచుమించు అంతేమంది అసలు స్పందించరు, మిగిలినవాళ్లు మధ్యలో. స్పందించకపోవడం మనోబలానికి గుర్తూ కాదు, మొండితనమూ కాదు. రెండు మూడు సెషన్లు చేసినా ఏమీ కలగకపోతే మీకు వేరే దారి నయం. "మీరు సహకరించడం లేదు" అని మీ మీదే తప్పు నెట్టేవారి దగ్గర మాత్రం ఉండకండి.

ఇంటికి రికార్డింగ్ ఇవ్వడం మంచి పద్ధతి. 15 నుంచి 20 నిమిషాలది, రోజూ ఒకసారి, కుర్చీలో కూర్చుని వినాలి. మంచం మీద వింటే నిద్రపోతారు, అప్పుడది జోలపాటగా మిగిలిపోతుంది. బండి నడుపుతూ వినకూడదు. భాష దగ్గర ఒక మాట. సూచనలు మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి. "మీ దేహము విశ్రాంత స్థితిని పొందుచున్నది" అంటే మనసు ఆ వాక్యం దగ్గరే ఆగి ఆలోచిస్తుంది. "భుజాలు వదిలేయండి, ఇంకొంచెం" అంటే దిగుతుంది. ఇంగ్లిష్ స్క్రిప్టును చూసి అక్కడికక్కడ తెలుగు చేసేవారి దగ్గర ఫలితం తగ్గడానికి సగం కారణం ఇదే అని మా అభిప్రాయం.

ఇక్కడా కొన్ని చెడతాయి. ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొస్తుంది, పాత భయం ముంచుకొస్తుంది. కౌన్సెలింగ్ వచ్చినవారైతే దాన్ని పట్టుకుని నెమ్మదిపరుస్తారు. సర్టిఫికెట్ కోర్సు ఒక్కటే చేసినవారు కంగారుపడి "అంతా బయటికి పోతోంది, మంచిదే" అని వదిలేస్తారు. మనిషి ఆ రాత్రంతా నిద్రలేకుండా గడుపుతారు. ముందే చెప్పిన నియమం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

ఏ ఇబ్బందికి ఏది

హిప్నోథెరపీకి గట్టి ఆధారమున్న చోటు చాలామంది ఊహించనిది: కడుపు. పరీక్షలన్నీ మామూలుగా ఉండి, నొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో ఏళ్ల తరబడి సతాయించే ఐబీఎస్. 1984లో ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో పీటర్ వోర్‌వెల్ బృందం మందులకు లొంగని 30 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు హిప్నోథెరపీ, రెండో జట్టుకు సైకోథెరపీతో పాటు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసింది. హిప్నోథెరపీ జట్టే బాగా తేరుకుంది. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు కూడా, 12 నెలలు మందులు వాడినా తగ్గని ఐబీఎస్‌కు సీబీటీ, హిప్నోథెరపీలను పరిశీలించమన్నాయి. అక్కడ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వెచ్చదనం లోపలికి దిగుతున్నట్టు, పేగు కదలిక ఒడ్డు ఒరుసుకోకుండా సాగే కాలువలా ఉన్నట్టు ఊహింపజేస్తారు. మామూలుగా 7 నుంచి 12 సెషన్లు. అయితే మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, అర్ధరాత్రి లేపేసే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలవడం, వీటిలో ఏదున్నా ముందు గ్యాస్ట్రో డాక్టర్ చూడాలి.

నొప్పి విషయంలో హిప్నాసిస్‌కు మన నేల మీదే పాత చరిత్ర ఉంది. క్లోరోఫారం రాకముందు, 1845లో, బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే స్కాట్లాండ్ సర్జన్ అప్పట్లో మెస్మరిజం అని పిలిచిన దీన్ని వాడి ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఇవాళ మత్తుమందుకు బదులుగా ఎవరూ వాడనక్కర్లేదు గానీ, కాలిన గాయాల డ్రెస్సింగ్, దంత చికిత్స, సూది భయం లాంటి వాటికి తోడుగా రెండు మూడు సెషన్లు బాగా ఉపయోగపడతాయి. నెలసరి ఆగే వయసులో ఒళ్లు వేడెక్కి చెమటలు పోయడానికి మాత్రం రెండూ పనిచేస్తాయి. హార్మోన్లు వాడలేని వారికి ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో సీబీటీని, క్లినికల్ హిప్నాసిస్‌ను రెండింటినీ సిఫారసు చేసింది. అలాంటిచోట మీకు దగ్గరలో ఎవరు మంచివారున్నారో చూసి ఎంచుకోండి.

పానిక్, లిఫ్ట్ భయం, నలుగురిలో మాట్లాడే భయం: సీబీటీ ముందు. హిప్నాసిస్ ఆ మెట్లు ఎక్కే ముందు మనసును సిద్ధం చేయడానికి పనికొస్తుంది. కుర్చీలో ఎంత ప్రశాంతంగా ఊహించినా చివరికి లిఫ్ట్ ఎక్కాల్సిందే. నిద్ర పట్టకపోవడానికి నిద్రలేమి కోసమే ఉన్న సీబీటీ 4 నుంచి 8 సెషన్లు: నిద్ర డైరీ, లేచే సమయం ఒకటే ఉంచడం, పట్టకపోతే మంచం దిగేయడం. డిప్రెషన్‌కు కౌన్సెలింగ్, తీవ్రంగా ఉంటే మందులూ కలిపి. అనుమానపు శుభ్రత, పదేపదే తాళం చూసుకోవడం లాంటి ఓసీడీకి, భయం కలిగించే పని చేయించి శుభ్రం చేసుకోకుండా ఆపే ప్రత్యేక చికిత్స ఉంది, మందులున్నాయి. హిప్నాసిస్‌తో అక్కడ కాలం పోగొట్టుకోకండి. భార్యాభర్తల తగాదాకు ఇద్దరినీ కూర్చోబెట్టే కౌన్సెలింగ్. అయితే కొట్టడం జరుగుతుంటే ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం ప్రమాదం, అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి.

సిగరెట్ మాన్పించడానికి హిప్నాసిస్ చాలా ప్రచారంలో ఉంది. ఇతర పద్ధతులకంటే అది మెరుగని చెప్పేంత ఆధారం లేదని, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2019 సమీక్ష తేల్చింది. 2, 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్, డాక్టర్ ఇచ్చే మందులు, వాటితో పాటు కౌన్సెలింగ్ గట్టి దారి. జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం. మద్యం సంగతి ఇంకా జాగ్రత్త. రోజూ ఎక్కువ తాగేవారు హిప్నోథెరపీ ధైర్యంతో ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు ఆసుపత్రిలో మందులతో ఆపించాలి. కౌన్సెలింగ్ ఆ తర్వాతే.

పిల్లల "మెమరీ పవర్" కోసం హిప్నాసిస్ ప్యాకేజీలు అమ్మేవారున్నారు. ఇంటర్, ఎంట్రన్స్ పరీక్షల ముందు తల్లిదండ్రుల భయం మీద నడిచే వ్యాపారమిది. హిప్నాసిస్ జ్ఞాపకశక్తిని పెంచదు. పరీక్ష హాల్లో చేతులు వణికే పిల్లవాడికి ఆందోళన తగ్గించడంలో కొంత సాయపడొచ్చు, అంతే. ఆ పిల్లవాడికి నిద్ర ఎన్ని గంటలు, హాస్టల్లో ఎలా ఉంది, ఫెయిలైతే ఇంట్లో ఏమంటారనుకుంటున్నాడు అని అడిగే కౌన్సెలర్ ముందు కావాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది "మూలం వెతికే" హిప్నాసిస్ గురించి. చిన్నప్పటికి, గర్భంలోకి, పూర్వజన్మలోకి తీసుకెళ్లి కారణం కనిపెడతామంటారు. పునర్జన్మ మీద నమ్మకం ఉండటం, లేకపోవడం ఎవరి ఇష్టం వారిది, దాని జోలికి పోవడం లేదు. ఇక్కడి చిక్కు జ్ఞాపకం తీరులో ఉంది. హిప్నాసిస్‌లో వచ్చే బొమ్మలు నిజమైనవా, అప్పటికప్పుడు అల్లుకున్నవా అనేది ఆ మనిషికీ తెలియదు, చేసేవారికీ తెలియదు. హిప్నాసిస్ జ్ఞాపకం ఖచ్చితత్వాన్ని పెంచదు, దాని మీద నమ్మకాన్ని మాత్రం పెంచుతుంది. "ఇంట్లో ఎవరో మీకు అన్యాయం చేశారు, చూడండి ఎవరో" అన్న ఒక్క ప్రశ్నతో జరగనిది జరిగినట్టు ముద్ర పడొచ్చు. తర్వాత కుటుంబాలు విరిగిపోతాయి. నిజంగానే దాడి, ప్రమాదం, అత్యాచారం అనుభవించినవారికి గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొనే ఈఎండీఆర్ అనే పద్ధతులున్నాయి. అవి నేర్చుకున్నవారి దగ్గరికే వెళ్లండి.

ముందు డాక్టరు, తర్వాత ఏదైనా

దడ, బరువు తగ్గడం, వణుకు థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి. నీరసం, దిగులు, మతిమరుపు థైరాయిడ్ తగ్గినా, బి12 లేకపోయినా, రక్తం తక్కువైనా వస్తాయి. ఓసారి రక్తపరీక్షలు చేయించుకోండి. పడిపోవడం, కాళ్లుచేతులు కొట్టుకోవడం ఉంటే గాలి అనో, మనోవ్యాధి అనో తేల్చేముందు న్యూరాలజిస్ట్ చూడాలి. గొంతులు వినబడటం, అందరూ తన మీదే కుట్ర చేస్తున్నారనడం, రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారుగా డబ్బు వెదజల్లడం ఉంటే నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికే. వీరికి హిప్నాసిస్ చేయకూడదు, పరిస్థితి ముదరొచ్చు.

చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకండి. టెలీ మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్ 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ ఇది. ఉరితాడు, పురుగుమందు, మాత్రల సీసాలు ఆ మనిషికి అందకుండా పెట్టడం, ఒంటరిగా వదలకపోవడం ఇంట్లోవాళ్లు ఆ గంటలోనే చేయాల్సిన పని.

ఎవరి దగ్గరికి

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టర్. మందులు రాసేది వీరే. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే భారత పునరావాస మండలి గుర్తించిన ఎం.ఫిల్. లాంటి శిక్షణ పొంది అక్కడ నమోదైనవారు. ఆ మండలికి 1992 చట్టం చట్టబద్ధత ఇచ్చింది. వీరికి సీఆర్ఆర్ అనే నమోదు నంబరు ఉంటుంది, మండలి వెబ్‌సైట్లో పేరు వెతికి చూసుకోవచ్చు. నంబరు అడిగితే నొచ్చుకోరు, నొచ్చుకుంటే అది కూడా ఒక సమాచారమే. "కౌన్సెలర్" అనే పేరు మాత్రం మన దగ్గర ఎవరైనా బోర్డు మీద రాసుకోగలుగుతున్నారు. అందుకే సైకాలజీలో ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. ఉందా, తర్వాత ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు అని అడగాలి. హిప్నోథెరపీకి ప్రత్యేకంగా ప్రభుత్వ లైసెన్స్ ఏదీ లేదు. వారాంతపు కోర్సుతో "అంతర్జాతీయ సర్టిఫికెట్" వస్తుంది. కాబట్టి గోడమీద హిప్నోథెరపీ సర్టిఫికెట్ కాకుండా దానికి ముందున్న డిగ్రీ చూడండి.

ఫోన్‌లోనే తేల్చుకోదగినవి కొన్ని. "నా ఇబ్బంది ఇది. హిప్నాసిస్ పట్టకపోతే నాకు ఏం చేస్తారు?" అని అడగండి. జవాబు లేకపోతే పెట్టేయండి. ఎన్ని సెషన్ల తర్వాత సమీక్షిస్తారు, మందులు వాడుతుంటే మీ డాక్టర్‌తో మాట్లాడతారా, వీడియో తీస్తారా, తోడు వచ్చినవారు గదిలో కూర్చోవచ్చా అన్నవి కూడా. కళ్లు మూసుకున్న మనిషిని ముట్టుకోవాల్సి వస్తే ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. నుదురు, భుజం, చెయ్యి దాటి ముట్టుకోవాల్సిన అవసరం హిప్నోథెరపీలో రాదు. తోడు వద్దని పట్టుబట్టేచోటికి అసలు వెళ్లకండి.

ఒక్క సెషన్లో నూరు శాతం గ్యారంటీ అన్నా, పది సెషన్ల డబ్బు ముందే కట్టమన్నా, మాత్రలు ఆపేయమన్నా వెనక్కి వచ్చేయండి. మూడింటిలో చివరిది ప్రాణాంతకం కావొచ్చు. డిప్రెషన్ మందులు, ముఖ్యంగా నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపితే వచ్చే ఇబ్బందులు అసలు జబ్బుకంటే ఘోరంగా ఉండొచ్చు.

డబ్బు, దూరం

ఒక సెషన్ ఫీజు చూసి పోల్చకండి, మొత్తం చూడండి. వెయ్యి రూపాయల కౌన్సెలింగ్ 12 సెషన్లైతే పన్నెండు వేలు. మూడు వేల హిప్నోథెరపీ నాలుగు సెషన్లన్నా పన్నెండు వేలే, పనిచేయక మళ్లీ కౌన్సెలింగ్‌కు వస్తే ఇరవై నాలుగు. ఆసుపత్రిలో చేరని చికిత్సకు చాలా ఆరోగ్య బీమాలు డబ్బివ్వవు, పాలసీ కాగితం చూసుకోండి. ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు నామమాత్రపు ఖర్చుతో చూస్తాయి. అక్కడ రద్దీ వల్ల మాట్లాడే సమయం తక్కువ దొరకొచ్చు, కానీ జబ్బేమిటో తేల్చుకోవడానికి అవే మంచి మొదటి మెట్టు.

విదేశాల్లో ఉన్నవారు తెలుగులో మాట్లాడేవారి కోసం హైదరాబాద్ వైపు చూస్తారు, అది సహజం. అమెరికాలో లైసెన్స్ రాష్ట్రాల వారీగా ఉంటుంది. మీరు ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నారన్నదే లెక్క, బీమా కూడా దాన్ని బట్టే. బ్రిటన్‌లో కౌన్సెలర్, హిప్నోథెరపిస్ట్ అనే పేర్లకు చట్టరక్షణ లేదు, వృత్తి సంఘంలో నమోదయ్యారా అని చూసుకోవాలి. ఆన్‌లైన్లో హిప్నాసిస్ చేస్తుంటే మధ్యలో నెట్ తెగితే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి: కళ్లు తెరవాలి, అయిదు లెక్కపెట్టాలి, ఫోన్ ఎవరు చేయాలి. ఇంట్లో ఇంకొకరు ఉన్న సమయమే ఎంచుకోండి.

పనిచేస్తోందా?

నాలుగో సెషన్ దగ్గర ఆగి లెక్క చూడండి. మొదటి రోజు పీహెచ్‌క్యూ-9 స్కోరు తీసి మళ్లీ నింపండి. అయిదు పాయింట్లు తగ్గితే అది నిజమైన మార్పు. ఐబీఎస్ అయితే నొప్పి వచ్చిన రోజులు, పానిక్ అయితే వారానికి ఎన్ని అటాక్‌లు, ఎన్నిసార్లు బస్సెక్కారు, ఇవన్నీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటే చాలు. "కాస్త బాగానే ఉంది" అన్న మాట మీద మాత్రం నిర్ణయం తీసుకోకండి. సెషన్ నుంచి బయటికి వచ్చిన రోజు అందరికీ బాగానే ఉంటుంది.

ఎనిమిదో సెషన్ దాకా అంకె కదలకపోతే మార్చాల్సిందే. పద్ధతి మార్చాలా, మనిషిని మార్చాలా అని కౌన్సెలర్‌నే అడగొచ్చు. మంచివారు తామే ఇంకొకరి పేరు చెబుతారు. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా ఏం చేశారో ఒక పేజీలో రాసిమ్మనండి: తేదీలు, స్కోర్లు, ప్రయత్నించిన పద్ధతులు, వాడుతున్న మందులు. కొత్తవారి దగ్గర మొదటి రెండు సెషన్లు, ఆ డబ్బు మిగులుతాయి. బాగుపడి ఆపేస్తున్నా సరే, ఒక్కసారిగా కాకుండా పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి అని దూరం పెంచుకుంటూ ఆపండి. మూడు నెలలకు ఒక సెషన్ ముందే రాయించిపెట్టుకోండి. మాత్రలుంటే వాటిని తగ్గించే లెక్క వేరు, అది రాసిన డాక్టర్‌తోనే.